ప్రాథమిక క్లినిక్‌లో షుగర్ కార్యక్రమం: ఎక్కడ మొదలుపెట్టాలి? పనిచేసిందని ఎలా తేల్చాలి?

#1 · కుటుంబవైద్యం

నమస్కారం. ముగ్గురు డాక్టర్లు, ఇద్దరు నర్సులు, ఒక పూట వచ్చే ఫార్మసిస్టు ఉన్న ప్రాథమిక క్లినిక్ అనుకోండి. రిజిస్టర్‌లో టైప్ 2 షుగర్ ఉన్నవాళ్ళు 600 మంది. ఏడాది నడిచే కార్యక్రమానికి ముసాయిదా రాస్తున్నాను. ఇప్పటికి కాగితం మీద ఉన్నవి: నెలకో అవగాహన తరగతి, ఫోన్ మెసేజ్‌లు, డాక్టర్ల కంప్యూటర్ తెర మీద హెచ్చరికలు. లక్ష్యం, ఏడాది తిరిగేసరికి సగటు హెచ్‌బిఎ1సి (గత రెండు మూడు నెలల షుగర్ సగటుని శాతంలో చూపే రక్తపరీక్ష) ఒక పాయింటు తగ్గడం, అంటే 8.5 ఉంటే 7.5కి రావడం.

వీటిలో మొదట ఏది చేయాలి? ఏం కొలవాలి? చివర్లో "ఇది మా పని వల్లే తగ్గింది" అని చెప్పాలంటే ఏం సిద్ధం చేసుకోవాలి?

#2 · రిజిస్టర్_రాణి

తరగతి, మెసేజ్, హెచ్చరిక అన్నీ పక్కన పెట్టండి. ఆ 600 ఎలా వచ్చింది సార్? రోగ నిర్ధారణ కోడ్ చూసి లెక్కపెట్టినదా, మందుల చీటీల నుంచి తీసినదా? రెండిటికీ పొంతన కుదరదు.

మూడు జాబితాలు తీయండి. ఒకటి, షుగర్ అని రాసి ఉన్నవాళ్ళు. రెండు, షుగర్ మందులు వాడుతున్నవాళ్ళు. మూడు, ల్యాబ్‌లో హెచ్‌బిఎ1సి 6.5 లేదా అంతకు మించి, లేదా పరగడుపు షుగర్ 126 లేదా అంతకు మించి వచ్చినవాళ్ళు. మూడింటిలోనూ ఉన్నవాళ్ళతో పేచీ లేదు. ఒక్కదాంట్లోనే ఉన్నవాళ్ళ కాగితాలు మనిషి కూర్చుని చూడాల్సిందే. షుగర్ మందు మెట్‌ఫార్మిన్‌ని పీసీఓఎస్‌కి (అండాశయాల హార్మోన్ సమస్య) కూడా రాస్తారు, ప్రీడయాబెటిస్‌కీ (షుగర్ గీతకి కొంచెం కింద ఉన్న దశ) రాస్తారు. గర్భంతో ఉన్నప్పుడు వచ్చి తగ్గిన షుగర్ ఏళ్ళ తరబడి అదే కోడ్‌తో పడి ఉంటుంది. ఇక ల్యాబ్‌లో 7.4 వచ్చినా ఎవరూ ఎక్కడా రాయనివాళ్ళు మూడో జాబితాలో మాత్రమే దొరుకుతారు. లక్షణాలేమీ లేనివాళ్ళకి ఒక్క పరీక్షతో ముద్ర వేయకండి, రెండోసారి చూడాలి.

తర్వాత, "యాక్టివ్ పేషెంట్" ఎవరన్నది. గత 12 నెలల్లో వచ్చినవాళ్ళే యాక్టివ్ అని నిర్వచిస్తే, రానివాళ్ళు రిజిస్టర్‌లోంచి వాళ్ళంతట వాళ్ళే జారిపోతారు. అంకెలు బాగుంటాయి, మనుషులు ఉండరు. 24 నెలలు పెట్టుకోండి. ఎవరినైనా తీసేస్తే కారణం రాసే గడి ఒకటి ఉండాలి: మరణం, వేరే క్లినిక్‌కి మారడం, నిర్ధారణ తప్పు. నాలుగో కారణం ఒప్పుకోవద్దు.

ఇదెందుకు ఇంత నొక్కి చెబుతున్నానో ఒక లెక్కతో చూడండి. మొదటి ఏడాది 600 మందిలో 420 మందికి పరీక్ష జరిగింది, 189 మంది 7 లోపు ఉన్నారు. రెండో ఏడాది కార్యక్రమం పెట్టి 540 మందికి పరీక్ష చేయించారు, 216 మంది 7 లోపు. పరీక్ష చేయించుకున్నవాళ్ళే హారం అయితే 45 శాతం నుంచి 40కి పడిపోయినట్టు. రిజిస్టర్ మొత్తం హారం అయితే 31.5 నుంచి 36కి పెరిగినట్టు. పని ఒకటే, తీర్పులు రెండు. కొత్తగా పరీక్షకి వచ్చిన 120 మంది ఇన్నాళ్ళూ రానివాళ్ళు కాబట్టి వాళ్ళ షుగర్ ఎక్కువే ఉంటుంది, అందుకే మొదటి లెక్క తలకిందులైంది.

#3 · గణాంకాల_గంగిరెద్దు

రాణి గారు చెప్పిన హారం గొడవ తర్వాత రెండో గొయ్యి ఉంది: సగటు వైపు తిరోగమనం.

"హెచ్‌బిఎ1సి 9 దాటినవాళ్ళని ఎంచుకున్నాం, ఆరు నెలల్లో సగటు 10.1 నుంచి 9.2కి వచ్చింది" అని రాసిన నివేదికలు బోలెడు. ఏమీ చేయకపోయినా అందులో కొంత తగ్గేదే. 9 దాటినవాళ్ళలో కొందరు ఆ నెల జ్వరం వల్లో, మందు అయిపోవడం వల్లో, స్టెరాయిడ్ వాడటం వల్లో పైకి పోయినవాళ్ళు. వాళ్ళు ఎలాగూ దిగుతారు. పైన ఉన్నవాళ్ళనే ఏరుకుంటే కిందకి తప్ప దారి ఉండదు.

పోలిక వర్గం ఎందుకు ఉండాలో చెప్పే నికార్సైన ఉదాహరణ బ్రిటన్‌లో 207 ప్రాథమిక క్లినిక్‌లలో జరిగిన డెస్మండ్ ట్రయల్ (2008). షుగర్ కొత్తగా బయటపడిన 824 మంది. ఒక వర్గానికి పద్ధతి ప్రకారం 6 గంటల బృంద శిక్షణ, మరో వర్గానికి మామూలు వైద్యం. 12 నెలలకి శిక్షణ వర్గంలో హెచ్‌బిఎ1సి 1.49 పాయింట్లు తగ్గింది. పోలిక వర్గం లేకపోతే పండగే. కానీ మామూలు వైద్యం వర్గంలోనూ 1.21 తగ్గింది. ప్రారంభ విలువలకి, ఒకే క్లినిక్ మనుషుల మధ్య ఉండే పోలికకి (క్లస్టర్) సర్దుబాటు చేశాక తేడా లెక్కకి రానంత. బరువు తగ్గడంలో, పొగ మానడంలో మాత్రం శిక్షణ వర్గం నయం.

అందుకే డాక్టర్ గారూ, "ఒక పాయింటు తగ్గిస్తాం" అన్న లక్ష్యం కొట్టేయండి. 2012లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ట్రికో బృందం సమీక్ష 142 ట్రయల్స్‌ని కలిపి చూసింది. నాణ్యతా కార్యక్రమాల వల్ల హెచ్‌బిఎ1సి సగటున తగ్గింది 0.37, పై బీపీ 3 మి.మీ. చిల్లర. చదవడానికి చిన్నవే, 600 మంది మీద నిలబడితే చిన్నవి కావు. లక్ష్యం 0.3, 0.5 మధ్య పెట్టుకోండి.

#4 · నర్సు_డెస్కు

పైవాళ్ళు లెక్కల్లో ఉన్నారు, నేను వరండాలోకి వస్తాను.

చాలా కార్యక్రమాలు ఆగిపోయేది ఒక చోట: డాక్టర్ ముందు మనిషి కూర్చున్నప్పుడు చేతిలో రిపోర్టు ఉండదు. రక్తం ఆ రోజు ఇస్తారు, ఫలితం మర్నాడు వస్తుంది, మందు మార్చే నిర్ణయం మూడు నెలలు వాయిదా. కాబట్టి తిరగేయండి. అపాయింట్‌మెంట్‌కి 7 నుంచి 10 రోజుల ముందు ల్యాబ్: హెచ్‌బిఎ1సి, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), ఏడాదికోసారి లిపిడ్ (కొలెస్ట్రాల్), మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి. నర్సు ముందురోజు మధ్యాహ్నం మర్నాటి జాబితా తెరిచి ఎవరికి ఏం బాకీ ఉందో ఒక వరుసలో రాస్తుంది. రిపోర్టు రానివాళ్ళకి ఆ పూటే ఫోన్.

వచ్చిన రోజు మొదట నర్సు దగ్గర 15 నిమిషాలు. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాకే బీపీ, చేతి మందానికి తగిన పట్టీతో. బరువు. వాడుతున్న మందులన్నీ సంచితో సహా బల్ల మీద. సాక్సులు విప్పించడం కూడా నర్సు పనే. డాక్టర్ గదిలో సాక్సులు విప్పమంటే ఎవరికీ టైముండదు, పాదం చూడటం అక్కడే తప్పిపోతుంది.

పాదంలో స్పర్శ చూడటానికి 10 గ్రాముల మోనోఫిలమెంట్, అంటే ఆ బరువుకి వంగే నైలాన్ దారం. ముందు చేతి మీద తాకించి ఎలా ఉంటుందో చూపించాలి, తర్వాత కళ్ళు మూయించాలి. బొటనవేలి అడుగు, బొటనవేలి మొదట్లో ఉబ్బు, చిటికెనవేలి మొదట్లో ఉబ్బు, ఈ మూడు చోట్లా దారం వంగేదాకా నిటారుగా నొక్కి రెండు సెకన్లలో తీసేయాలి. కాయ కాసిన చోట, పుండు మీద వద్దు. ఒక్కో చోట రెండు సార్లు నిజంగా, ఒకసారి ఉత్తుత్తిగా. మూడింటిలో రెండు సరిగ్గా చెబితే ఆ చోట స్పర్శ ఉన్నట్టే. "తగిలిందా?" అని తాకినప్పుడే అడిగితే అందరూ తగిలిందనే అంటారు, అందుకే ఉత్తుత్తి అవసరం. ఇంకోటి, ఒకే మోనోఫిలమెంట్‌తో వరసగా పది మందిని చూశాక దానికి ఒక రోజు విశ్రాంతి ఇవ్వాలి, లేకపోతే మెత్తబడి 10 గ్రాములకి ముందే వంగుతుంది. కాబట్టి రెండు కొనండి.

#5 · కుటుంబవైద్యం

ముందే ల్యాబ్ చేయించడం బాగుంది. మరి తెర మీద హెచ్చరికలు? సాఫ్ట్‌వేర్ వాళ్ళు రెండు వారాల్లో పెట్టిస్తామంటున్నారు.

#6 · చీటీలు_చదివేవాడు

హెచ్చరిక పెట్టడం తేలిక, అందుకే అందరూ అదే పెడతారు. డాక్టర్‌కి తెలియక కాదు కదా మందు మార్చనిది. 9.2 కళ్ళ ముందే ఉంటుంది. "ఈసారి జాగ్రత్తగా ఉంటానన్నారు, చూద్దాం" అని అదే చీటీ మళ్ళీ రాస్తారు. దీనికి చికిత్సలో జడత్వం అని పేరు కూడా ఉంది. ఎర్ర డబ్బా ఒకటి తెర మీద కనిపిస్తే, దాన్ని మూసేసే వేగం పెరుగుతుందంతే.

2006లో జామా వైద్య పత్రికలో వచ్చిన షోజానియా బృందం సమీక్ష చూడండి, 66 ట్రయల్స్. అన్ని వ్యూహాలూ కలిపి తగ్గుదల 0.42. అదే నర్సో ఫార్మసిస్టో డాక్టర్ ఆమోదం కోసం ఆగకుండా మందు మోతాదు మార్చగలిగిన కార్యక్రమాల్లో 0.80. నా ఫార్మసిస్టు బుద్ధికి ఈ ఒక్క అంకె చాలు: పని అప్పగించడం కాదు, అధికారం అప్పగించాలి.

అయితే రాతపూర్వక ప్రోటోకాల్ లేకుండా అధికారం ఇవ్వకూడదు. ఒక పేజీ దాటకూడదు. ఇలా ఉండొచ్చు:

మెట్‌ఫార్మిన్: 500 మి.గ్రా. భోజనంతో రోజుకొకటి. కడుపు తట్టుకుంటే వారానికో 500 చొప్పున 2000 వరకు. ఇ-జీఎఫ్ఆర్ (కిడ్నీల వడపోత అంచనా) 45 కంటే తక్కువైతే కొత్తగా మొదలుపెట్టొద్దు, వాడుతుంటే 1000కి కుదించి డాక్టర్‌కి చెప్పాలి. 30 కంటే తక్కువైతే ఆపాలి.

బేసల్ ఇన్సులిన్ (రోజంతా నిదానంగా పనిచేసేది): డాక్టర్ మొదలుపెట్టాక (10 యూనిట్లు, లేదా కిలోకి 0.1 నుంచి 0.2), పెంచే పని నర్సుది. మూడు రోజుల పరగడుపు షుగర్లు చూడాలి. లక్ష్యం 80 నుంచి 130. పైన ఉంటే 2 యూనిట్లు పెంచడం. స్పష్టమైన కారణం లేకుండా ఒక్కసారైనా 70 కిందకి పోతే 10 నుంచి 20 శాతం తగ్గించడం.

ఇక్కడ ఆగి డాక్టర్‌ని పిలవాలి: మోతాదు కిలోకి 0.5 యూనిట్లకి చేరితే, షుగర్ 54 కంటే దిగితే, ఎవరైనా స్పృహ తప్పితే, వాంతులు, గర్భం, కారణం లేకుండా బరువు పడిపోవడం. ఈ ఆగాల్సిన గీతలే ప్రోటోకాల్‌కి ప్రాణం. పెంచడం ఎలాగో అందరూ రాస్తారు, ఎక్కడ ఆగాలో రాయరు.

మీ దగ్గరి వృత్తి నిబంధనలు నర్సుకి, ఫార్మసిస్టుకి ఎంతవరకు ఒప్పుకుంటాయో ముందు చూసుకోండి. ఒప్పుకోకపోతే అదే రోజు డాక్టర్ సంతకంతో "ప్రతిపాదిత మార్పు" పద్ధతి పెట్టండి. సంతకం మర్నాటికి పోతే లాభం సగం పోయినట్టే.

ఇంకో ముక్క. కొత్త మందు చేర్చే ముందు పాత మందు కొంటున్నారో లేదో చూడాలి. 30 రోజుల మందు 50 రోజులకి ఒకసారి తీసుకుంటున్న మనిషికి మూడో మందు చేర్చడం దండగ, పైగా అన్నీ ఒక్కసారి సక్రమంగా వేసుకున్న రోజున షుగర్ పడిపోతుంది.

#7 · సాయంత్రం_ఓపీ

> పని అప్పగించడం కాదు, అధికారం అప్పగించాలి.

సరే, కానీ ఆ అధికారానికి చుక్కాని హెచ్‌బిఎ1సి ఒక్కటే అయితే నాకు అభ్యంతరం.

2008 అకార్డ్ ట్రయల్ మరిచిపోవద్దు. 10,251 మంది, గుండెజబ్బు ముప్పు ఎక్కువున్నవాళ్ళు. 6 కంటే కిందకి దించాలని పట్టుపట్టిన వర్గంలో మరణాలు ఎక్కువయ్యాయి, ఆ భాగాన్ని ముందే ఆపేశారు. "7 లోపు ఎంతమంది" అన్న ఒకే సూచిక పెట్టి దానికి ప్రోత్సాహకం కడితే, 80 ఏళ్ళ మనిషి 7.3 మీద ఉన్నా గ్లిబెన్‌క్లమైడ్ (షుగర్‌ని బాగా దించే సల్ఫొనైల్‌యూరియా రకం మాత్ర) పెంచుతారు. రాత్రి పడిపోయి తుంటి విరిగితే ఆ లెక్క ఏ నివేదికలోనూ కనిపించదు.

దీనికి విరుగుడుగా ఒక ఎదురు సూచిక ఉండాలి: 75 దాటి, ఇన్సులిన్ గానీ సల్ఫొనైల్‌యూరియా గానీ వాడుతూ హెచ్‌బిఎ1సి 7 లోపు ఉన్నవాళ్ళు ఎంతమంది. ఆ అంకె పెరుగుతుంటే కార్యక్రమం హాని చేస్తోందని అర్థం. వాళ్ళలో చాలామందికి చేయాల్సింది మందు తగ్గించడం. ఆ తగ్గింపుని కూడా "విజయం" కింద లెక్కవేయండి, లేకపోతే ఎవరూ చేయరు.

రెండో సంగతి, బీపీ. బ్రిటన్‌లో టైప్ 2 షుగర్ మీద జరిగిన యూకేపీడీఎస్ అధ్యయనం బీపీ భాగంలో (1998) రెండు వర్గాల సగటు 144/82, 154/87. ఆ పది పాయింట్ల తేడాకే పక్షవాతం 44 శాతం, షుగర్ సంబంధిత మరణాలు 32 శాతం తగ్గాయి. బీపీ మాత్ర సర్దడం నర్సుకి ఇన్సులిన్ కంటే సులువు, ప్రమాదం తక్కువ. స్టాటిన్ (కొలెస్ట్రాల్ మాత్ర) మరీ సులువు, 40 దాటినవాళ్ళలో ఉందా లేదా అని చూడటమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2030కి పెట్టుకున్న లక్ష్యాల్లోనూ ఇది ఉంది: 40 ఏళ్ళు, ఆపైన షుగర్ ఉన్నవాళ్ళలో 60 శాతానికి స్టాటిన్ అందాలి. షుగర్ కార్యక్రమం అనగానే షుగర్ దగ్గరే కూర్చుంటే చేతికందే కాయ వదిలేసినట్టు.

#8 · చీటీలు_చదివేవాడు

ఒప్పుకుంటున్నాను సార్. ప్రోటోకాల్ పేజీలో మొదటి గడిగా "ఈ మనిషి లక్ష్యం ఎంత" అని డాక్టర్ చేతిరాతతో ఉండాలి. 7, 7.5, 8, ఏదైనా. అది ఖాళీగా ఉంటే నర్సు మోతాదు ముట్టకూడదు.

#9 · ల్యాబ్‌బల్ల

మీరంతా హెచ్‌బిఎ1సిని తూకపురాయిలా వాడుతున్నారు. ఆ రాయి బరువు కూడా మారుతుంది.

మీరు వెతుకుతున్న తేడా 0.3, 0.4. కార్యక్రమం మధ్యలో ల్యాబ్ యంత్రం మారితే, రెండు పద్ధతుల మధ్య తేడానే అంత ఉండొచ్చు. మారక తప్పదంటే రెండు వారాలు ఒకే నమూనాలని రెండు యంత్రాల్లోనూ నడపండి, తక్కువ నుంచి ఎక్కువ విలువల దాకా కనీసం 40 నమూనాలు. తేడా ఎంతో రాసిపెట్టుకుని విశ్లేషణ చేసేవాళ్ళకి ఇవ్వండి. సగం మందికి వేలి చుక్కతో క్లినిక్‌లో, సగం మందికి ల్యాబ్‌లో చేయడం అన్నిటికంటే చెడ్డది, ముఖ్యంగా కార్యక్రమం మొదలయ్యాకే వేలి చుక్క పరికరం వచ్చి ఉంటే. అప్పుడు ముందు, తర్వాత పోల్చేది మనుషులని కాదు, యంత్రాలని.

రక్తహీనత ఉన్నవాళ్ళ సంగతి వేరే. ఇనుము లోపం ఉంటే హెచ్‌బిఎ1సి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఎర్రకణాలు త్వరగా విరిగిపోయే జబ్బుల్లో, ఇటీవల రక్తం ఎక్కించుకున్నప్పుడు, ఎరిత్రోపాయిటిన్ (ఎర్రకణాలు పెంచే ఇంజెక్షన్) వాడుతున్నప్పుడు తక్కువ చూపిస్తుంది. ఇనుము మాత్రలు వేయించి రక్తహీనత సరిచేస్తే షుగర్ మందు ముట్టకుండానే హెచ్‌బిఎ1సి దిగుతుంది, మీ నివేదికలో అది విజయమైపోతుంది. ఇంటి షుగర్లకీ దీనికీ పొంతన లేకపోతే హిమోగ్లోబిన్ చూడకుండా మందు మార్చకండి.

మందు మార్చాక 12 వారాలు ఆగి చేయించండి. 6 వారాలకి చేస్తే పాత రక్తమే సగం మాట్లాడుతుంది.

#10 · గణాంకాల_గంగిరెద్దు

ల్యాబ్ మాట బంగారం. ఇప్పుడు డాక్టర్ గారి మూడో ప్రశ్నకి వస్తాను.

చాలా క్లినిక్‌లు కలిస్తే క్లస్టర్ ట్రయల్ చేయొచ్చు. ఒకే క్లినిక్‌లో సగం మందికి కార్యక్రమం, సగం మందికి లేదు అంటే, అదే నర్సు, అదే డాక్టర్ నేర్చుకున్నది రెండో సగానికీ చేసేస్తారు, తేడా కరిగిపోతుంది. అందుకని క్లినిక్‌నే యూనిట్‌గా తీసుకుంటారు. కానీ ఒకే క్లినిక్ మనుషులు ఒకరికొకరు కొంత పోలికగా ఉంటారు కాబట్టి మూల్యం చెల్లించాలి.

లెక్క: 0.4 తేడా పట్టాలి, ప్రామాణిక విచలనం (విలువల చెదురు) 1.5, శక్తి (తేడా నిజంగా ఉంటే పట్టే అవకాశం) 80 శాతం, లేని తేడా ఉందనుకునే అవకాశం రెండువైపులా కలిపి 5 శాతం. మామూలుగా ఒక్కో వర్గానికి 221 మంది. క్లినిక్‌కి 30 మందిని కొలుస్తాం, అంతర్-క్లస్టర్ సహసంబంధం (ఆ పోలిక ఎంతో చెప్పే అంకె) 0.05 అనుకుంటే గుణకం 1 + 29 × 0.05, అంటే 2.45. వర్గానికి 541 మంది, 19 క్లినిక్‌లు. మొత్తం 38. ప్రారంభ హెచ్‌బిఎ1సిని విశ్లేషణలో కలిపి, దానికి చివరి విలువతో సహసంబంధం 0.6 ఉంటే అవసరం 0.64 వంతుకి దిగుతుంది, వర్గానికి దాదాపు 12 క్లినిక్‌లు చాలు. ప్రారంభ కొలత తీసుకోవడం ఎంత లాభమో చూశారా. క్లినిక్‌కి 30 బదులు 60 మందిని కొలిస్తే క్లినిక్‌ల సంఖ్య సగం కాదు, కొంచెమే తగ్గుతుంది. ఇది చాలామంది నమ్మరు, గుణకం మళ్ళీ వేసి చూడండి.

మీకున్నది ఒక్క క్లినిక్. అప్పుడు రెండు దారులు.

మొదటిది: 9 దాటినవాళ్ళు 150 మంది ఉన్నారనుకుందాం. లాటరీ వేసి 75 మందికి నర్సు కార్యక్రమం ఇప్పుడే, మిగతా 75కి ఆరు నెలల తర్వాత. అందరికీ అందుతుంది కాబట్టి అన్యాయం లేదు, సిబ్బందికి ఒక్కసారే బరువు పడదు, సగటు వైపు తిరోగమనం రెండు వైపులా సమానంగా ఉంటుంది. 75కి 75 తో పట్టగలిగేది సుమారు 0.7 తేడా, ప్రారంభ విలువ కలిపితే 0.55. నీతి కమిటీని ముందే అడగండి.

రెండోది రన్ చార్ట్. నెలకో చుక్క, మధ్యలో మధ్యగతం (సగం చుక్కలు పైన, సగం కింద ఉండే విలువ) గీత. మధ్యగతానికి ఒకే వైపు వరసగా 6 చుక్కలు పడితే నిజమైన మార్పు, వరసగా 5 పెరుగుతూ గానీ తగ్గుతూ గానీ ఉంటే ధోరణి. మొదలుపెట్టకముందు 12 నెలల చుక్కలు ఉండాలి. ఇక్కడ అందరూ చేసే తప్పు: "గత 12 నెలల్లో పరీక్ష అయినవాళ్ళ శాతం" అనే సూచికని నెలనెలా గీయడం. పక్కపక్క చుక్కల్లో 11 నెలల డేటా ఒకటే. గీత నున్నగా పాముకుంటూ పోతుంది, 6 చుక్కల సూత్రం ఊరికే గంట కొడుతుంది. రన్ చార్ట్‌కి వాడాల్సింది: "ఈ నెల పరీక్ష బాకీ ఉన్నవాళ్ళలో నెలాఖరుకి ఎంతమందికి అయింది". ఆ నెల పని ఆ నెలలోనే కనబడుతుంది.

#11 · బోధనబల్ల

అవగాహన తరగతి గురించి ఎవరూ మాట్లాడట్లేదు, నేనే మాట్లాడతాను. తరగతి చెడ్డది కాదు, అది తరగతిలా ఉండటమే చెడ్డది. 40 మందిని కూర్చోబెట్టి స్లైడ్లు చూపిస్తే హాజరు పట్టీ తప్ప ఏమీ మిగలదు.

చిన్న బృందం, 8 నుంచి 10 మంది. రాసిపెట్టిన పాఠ్యక్రమం, శిక్షణ పొందిన బోధకులు, అప్పుడప్పుడూ బయటివాళ్ళు వచ్చి చూసి అది ఆ పాఠ్యక్రమం ప్రకారమే నడుస్తోందో లేదో మార్కులు వేయడం. ఈ చివరిది లేకపోతే ఫలితం రానప్పుడు "శిక్షణ పనిచేయలేదా, శిక్షణ జరగనే లేదా" తేలదు. అర్థమైందా అని అడగొద్దు, "ఇంట్లోవాళ్ళకి దీన్ని ఎలా చెబుతారు?" అని అడిగి వినండి.

ఇన్సులిన్ వాడేవాళ్ళకి స్లైడ్ కంటే పొట్ట చూడటం ముఖ్యం. సూది పొడిచే చోట వేళ్ళతో తడిమితే గట్టి గడ్డలు తగులుతాయి. గడ్డలో పొడిస్తే నొప్పి ఉండదు, అందుకే అక్కడే పొడుస్తారు, మందు సరిగ్గా లోపలికి పోదు, యూనిట్లు పెంచుతూ పోతారు. చోటు మార్చమని చెప్పేటప్పుడు మోతాదు కూడా తగ్గించమని డాక్టర్‌కి చెప్పాలి, లేకపోతే మంచి చోట పాత మోతాదు పడి షుగర్ కుప్పకూలుతుంది. 4 మి.మీ. సూది పెద్దవాళ్ళందరికీ సరిపోతుంది. పెన్ను బటన్ నొక్కాక పది లెక్కపెట్టి తీయాలి. ఈ నాలుగు విషయాలు నర్సు దగ్గరి ఆ 15 నిమిషాల్లోనే అయిపోతాయి, హాలు బుక్ చేయక్కర్లేదు.

#12 · రిజిస్టర్_రాణి

బోధనబల్ల గారి మాటకి ఒక గుణకారం జత చేస్తాను. రీ-ఎయిమ్ అని 1999లో గ్లాస్గో, వోగ్ట్, బోల్స్ ప్రతిపాదించిన చట్రం ఉంది: ఎంతమందికి చేరింది, ఎంత ఫలించింది, ఎంతమంది సిబ్బంది చేపట్టారు, రాసినట్టే చేశారా, నిలిచిందా. దాని సారం కూడికలో కాక గుణకారంలో ఉంది.

600 మందిలో 40 శాతం తరగతికి వచ్చారు, 240. వాళ్ళలో సగం పూర్తి చేశారు, 120. పూర్తి చేసినవాళ్ళలో అదనపు తగ్గుదల 0.6, ఇది బ్రహ్మాండమైన అంకె. రిజిస్టర్ మొత్తం మీద పంచితే 0.12. అదే పక్కన, ఒక్కొక్కరిలో 0.3 మాత్రమే తగ్గించే మామూలు పద్ధతి, ఉదాహరణకి ముందస్తు ల్యాబ్, అదే రోజు మందు సవరణ, 80 శాతానికి చేరితే 0.24. రెట్టింపు. తరగతికి రాని 360 మందిలోనే షుగర్ ఎక్కువున్నవాళ్ళు ఉంటారని మళ్ళీ చెప్పక్కర్లేదు.

#13 · సాయంత్రం_ఓపీ

సూచికల సంఖ్య గురించి హెచ్చరిక. ముసాయిదాల్లో 32 సూచికలు చూస్తుంటాం. అవి నింపడానికే ఒక నర్సు పోతుంది. ఆరు చాలు: హెచ్‌బిఎ1సి సకాలంలో అయిందా, 9 దాటినవాళ్ళు ఎంతమంది (పరీక్ష లేనివాళ్ళని కూడా ఇందులోనే కలపండి, అప్పుడు పరీక్ష మానేస్తే అంకె బాగుపడదు), బీపీ అదుపు, స్టాటిన్, పాదం-కన్ను-మూత్రం పరీక్షలు మూడూ అయినవాళ్ళు, నేను పైన చెప్పిన ఎదురు సూచిక. ఇంకొకటి కావాలంటే, 9 దాటిన ఫలితం వచ్చాక 30 రోజుల్లో ఏదైనా మందు మార్పు జరిగినవాళ్ళ శాతం. నా దృష్టిలో జడత్వాన్ని నేరుగా కొలిచేది అదొక్కటే.

డబ్బు ప్రోత్సాహకం జోలికి పోతే మినహాయింపుల నిబంధన జాగ్రత్త. బ్రిటన్ 2004లో సూచికలకి చెల్లింపు మొదలుపెట్టినప్పుడు తగని రోగులని లెక్కలోంచి మినహాయించే వీలు పెట్టింది. మంచి ఉద్దేశమే, లేకపోతే మరణశయ్య మీద ఉన్న మనిషికీ హెచ్‌బిఎ1సి తీస్తారు. కానీ మినహాయించినవాళ్ళ శాతాన్ని పక్కనే ప్రచురించకపోతే అసలు అంకెకి అర్థం లేదు.

#14 · నర్సు_డెస్కు

మొత్తం ఒకేసారి మొదలుపెట్టొద్దని నా మనవి. మొదటి చక్రం: ఒక నర్సు, ఒక డాక్టర్, ఒక పూట, ఐదుగురు. ముందస్తు ల్యాబ్ ఎంతమందికి జరిగింది, 15 నిమిషాలు సరిపోయాయా, ఏ గడి ఖాళీగా మిగిలింది, ఆ సాయంత్రమే కాగితం మీద. సాధారణంగా మొదటి రోజే తేలేవి: ఫోన్ నంబర్లలో చాలా పాతవి, ల్యాబ్ ఫారంలో మూత్రం నమూనా గడి లేదు, పాదం చూడటానికి కుర్చీ లేదు. సరిచేసి మర్నాడు మరో ఐదుగురు. నాలుగు చక్రాల తర్వాత ఇరవై మంది. ప్రోటోకాల్‌లో మోతాదు భాగం మాత్రం ఇలా ఆడుకుంటూ మార్చకూడదు, దానికి డాక్టర్ల సంతకం, తేదీ, వెర్షన్ నంబర్ ఉండాలి. పాత వెర్షన్ల కాగితాలు సొరుగుల్లోంచి తీసి చించేయాలి.

#15 · కుటుంబవైద్యం

ముసాయిదా తిరగరాశాను, తప్పులు చెప్పండి.

మొదటి రెండు నెలలు: మూడు జాబితాల పోలిక, రిజిస్టర్ శుద్ధి, గత 12 నెలల నెలవారీ చుక్కలు, ల్యాబ్‌తో యంత్రం మార్పుల గురించి ఒప్పందం. మూడో నెల: ఐదుగురి చక్రాలు. నాలుగో నెల నుంచి: 9 దాటినవాళ్ళలో లాటరీ ప్రకారం సగం మందికి నర్సు, ఫార్మసిస్టు మోతాదు కార్యక్రమం, మిగతా సగం పదో నెలలో. ముందస్తు ల్యాబ్, బీపీ, స్టాటిన్ మాత్రం అందరికీ. హెచ్చరికలు రద్దు. తరగతి బదులు చిన్న బృందాలు. లక్ష్యం 0.5, రెండు సగాల మధ్య తేడాగా. సూచికలు ఏడు.

ఒక సందేహం. ఆరు నెలల కొలతకి రానివాళ్ళని ఏం చేయాలి? వదిలేస్తే పక్షపాతం, చివరి విలువ పెడితే అబద్ధం.

#16 · గణాంకాల_గంగిరెద్దు

ముందు రానివాళ్ళని తగ్గించండి. ఆరు నెలల తేదీకి అటూ ఇటూ నాలుగేసి వారాల కిటికీ పెట్టి, ఆ లోపల ఏ కారణంతో రక్తం ఇచ్చినా దాన్నే వాడండి. కిటికీ రెండు వర్గాలకీ ఒకటే ఉండాలి. కార్యక్రమం వర్గానికి మాత్రమే ఫోన్ చేసి రప్పిస్తే, రెండో వర్గంలో జబ్బుపడ్డవాళ్ళే మిగులుతారు, మీ 0.5 ఉత్తపుణ్యానికి వచ్చేస్తుంది. కొలత కోసం ఫోన్ చేసేది కార్యక్రమం నర్సు కాకూడదు, ఎవరు ఏ వర్గమో తెలియని మనిషి చేయాలి. అయినా మిగిలినవాళ్ళకి బహుళ పూరణ పద్ధతి (తెలిసిన వివరాలతో లేని విలువలని చాలాసార్లు అంచనా వేసి కలిపి చూడటం), దానితో పాటు "రానివాళ్ళందరూ మారలేదు" అన్న ఊహతో ఇంకోసారి. రెండు జవాబులూ ఒకేవైపు చూపిస్తే సరే. చూపించకపోతే రెండూ ప్రచురించండి.

లాటరీలో ఎవరికి ఏది వచ్చినా విశ్లేషణ అదే వర్గంలో. రెండో సగం మనిషికి నర్సు జాలిపడి మోతాదు సరిచేసినా అతను రెండో సగంలోనే ఉంటాడు.

#17 · రిజిస్టర్_రాణి

ముసాయిదాలో ఒకటే దిద్దుబాటు. లాటరీ వేసే రోజు ఉదయం రిజిస్టర్ మొత్తాన్ని తేదీతో ఒక కాపీ తీసి, ఎవరూ మార్చలేని చోట పెట్టండి. అసలు రిజిస్టర్ రోజూ మారుతుంది: కొత్తవాళ్ళు చేరతారు, కోడ్లు దిద్దుతారు, ఆలస్యంగా వచ్చిన ల్యాబ్ ఫలితాలు పాత తేదీతో వచ్చి కూర్చుంటాయి. ఏడాది తర్వాత "ఆ రోజు 9 దాటినవాళ్ళు ఎవరు" అని అసలు రిజిస్టర్‌ని అడిగితే 150 బదులు 163 చెబుతుంది. అప్పుడు ఆ 13 మంది ఎక్కడివాళ్ళో తేల్చడానికి వారం పడుతుంది.

#18 · కుటుంబవైద్యం

కాపీ తీసే పని ఫార్మసిస్టుకి రాశాను. మోనోఫిలమెంట్లు రెండు అని కూడా రాశాను.